పంటి పాచిలో తిరనాళ్ళు

కోవూరు బజారులో దరియావలి బట్టల కొట్టుకు మంచి పేరుండేది. నేత గట్టిదని చెబితే నమ్మనివాళ్ళకు అతను ఇత్తడి చట్రంలో బిగించిన చిన్న భూతద్దం తీసి గుడ్డ మీద పెట్టి, "నువ్వే చూసుకో, పోగులు ఎంత దగ్గరగా ఉండాయో" అనేవాడు. అందులోంచి చూసినవాడు ఇక బేరమాడేవాడు కాదు.

1959 ఎండాకాలంలో, నెల్లూరు కాలేజీలో జీవశాస్త్రం చెప్పే మాల్యాద్రిగారు చొక్కా గుడ్డ కోసం వచ్చారు. ఆయనకూ అద్దం పెట్టి చూపించాడు దరియావలి. ఆయన గుడ్డ సంగతి వదిలేసి అద్దాన్నే తిప్పి తిప్పి చూశారు.

"సాయిబుగారూ, కంటికి కనపడని జీవాల్ని బాగా చూసి లోకానికి చెప్పినాయన ఎవరో తెలుసునా? డాక్టరు కాదు, పంతులు కాదు. మీ మాదిరే బట్టల వ్యాపారి."

"ఎవురు సార్? మన మూలాపేటలో ఉండాడా?"

"హాలండు దేశంలో. మూడొందల ఏళ్ళ కిందటి మాట. పోగులు చూసే అద్దాలతో మొదలుపెట్టి, అంతకంటే గట్టివి తనే అరగదీసుకున్నాడు. చెరువు నీళ్ళు చూసినాడు, మిరియాలు నానేసిన నీళ్ళు చూసినాడు. తన పంటి పాచి గీకి చూస్తే దాన్నిండా ఈదులాడే జీవాలే! జన్మలో పళ్ళు తోమని ముసలాయన్ని పట్టుకుని ఆయన పాచి కూడా చూసినాడు. లండను పండితులు మొదట నమ్మలేదు. వాళ్ళ కళ్ళతో చూసినాక ఒప్పుకున్నారు."

ఆ తర్వాత చాలాకాలం ఆ జీవాలు ఏం చేస్తాయో ఎవరూ సరిగ్గా పట్టించుకోలేదనీ, ఫ్రాన్సులో ఒకాయన పాలు పులవడానికీ ద్రాక్షసారా చెడిపోవడానికీ అవే కారణమనీ, కాస్త కాచితే చాలావరకు చచ్చిపోతాయనీ తేల్చాడనీ, జర్మనీలో ఇంకొకాయన క్షయకు ఒకటి, కలరాకు ఒకటి వేరువేరుగా పట్టి చూపించాడనీ చెప్పి, మాల్యాద్రిగారు గుడ్డ చింపించుకుని వెళ్ళిపోయారు. కొట్టు వెనకే ఇల్లు. తెర చాటున బియ్యం ఏరుకుంటున్న దరియావలి భార్య సుల్తాన్‌బీ కూడా అంతా విన్నది.

ఆ పూట నుంచి దరియావలిని పట్టడం కష్టమైంది. గుడ్డల బేరం మానేసి కుండలో నీళ్ళు, గాబులో నీళ్ళు, చివరికి ఉప్పు డబ్బాలో చెమ్మ కూడా అద్దం పెట్టి చూశాడు. కాలవ నీళ్ళలో గిలగిల కొట్టుకునేవి కనబడగానే "ఇవే! ఇవే!" అని బజారంతా పిలిచాడు.

"అవి దోమపిల్లలు గదన్నా, వట్టి కళ్ళకే కనపడతుండాయి" అన్నాడు పక్క కొట్టు రంగనాయకులు.

"నువ్వు హాలండు గురించి విన్నావా? వినలా. మరి మాట్లాడొద్దు" అన్నాడు దరియావలి.

అలాంటి సమయంలో బిట్రగుంట నుంచి మామ బడేసాహెబ్ దిగాడు. రైల్వేలో మేస్త్రీగా చేసి రిటైరైన మనిషి. మడత నలగని చొక్కా, చెవిలో అత్తరు దూది, చేతిలో మామిడిపళ్ళ బుట్ట. అల్లుడు సలాం చెప్పి కుర్చీ వేసి, ఆయన నోటివంక ఒక నిమిషం పరీక్షగా చూశాడు. తర్వాత చీపురుపుల్ల విరుచుకుని దగ్గరికొచ్చాడు.

"మామా, ఒకసారి నోరు తెరువు."

"ఎందుకు?"

"పాచి కావాల. హాలండాయన కూడా ముసలోళ్ళదే తీసుకున్నాడంట. జన్మలో పళ్ళు తోమనోళ్ళదైతే ఇంకా మేలంట."

బడేసాహెబ్ లేచి నిలబడ్డాడు. "అమ్మా, నీ మొగుడికి ఎండ దెబ్బ తగిలినట్టుండాది" అని కూతురితో చెప్పి, పొయ్యి మీద ఉడుకుతున్న కోడికూర వంక కూడా చూడకుండా స్టేషనుకు వెళ్ళిపోయాడు.

సుల్తాన్‌బీ ఏడవలేదు, పోట్లాడలేదు. మొగుడితో ఎప్పుడూ లేనంత తియ్యగా మాట్లాడింది. అక్కడే దరియావలికి అనుమానం రావలసింది. రాలేదు.

మర్నాడు అన్నంలోకి పెరుగు అడిగితే, గిన్నెలో నీళ్ళూ గడ్డలూ పోసి పెట్టింది.

"ఇదేంది?"

"పెరుగే. కాచినా. పురుగులుంటాయి గదా."

రాత్రి చేపల పులుసు పొద్దున తింటే ఎంత రుచో నెల్లూరోళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ పులుసు అతని ఎదురుగానే కూర్చుని సుల్తాన్‌బీ తను తిన్నది. "నీకొద్దులే అయ్యా, రాత్రంతా నిలవుండాది. ఎన్ని పుట్టినాయో ఏమో" అని ఉప్పు లేని గంజి ముందుకు తోసింది. నాన్న తెచ్చిన మామిడిపళ్ళు ఉడకబెట్టింది. తమలపాకులు ఉడకబెట్టింది. శుక్రవారం నమాజుకు పోబోతే, మరిగే నీళ్ళలోంచి తీసిన ఉన్ని టోపీ చేతిలో పెట్టింది. అది అరచేతంత అయిపోయి అతని నడినెత్తిన నిలబడింది.

"సుల్తానూ, నన్ను చంపుతావా?"

"నేనేం చేసినా? ఫ్రాన్సాయన కాచమన్నాడు, కాచినా."

దరియావలి చేతులెత్తేశాడు. "ఏం చేయమంటావో చెప్పు."

"మా నాయన్ని పిలుచుకురా. ఆయన ముందు తప్పు ఒప్పుకో. ఆ సారు కాడ అసలైన అద్దముంటదంట గదా, మా ఇద్దరికీ చూపియ్యి."

బిట్రగుంటలో మామ కాళ్ళు పట్టుకోవడం ఎలా జరిగిందో అతను ఎవరికీ చెప్పలేదు. మొత్తానికి ఆదివారం ముగ్గురూ నెల్లూరులో కాలేజీ గదిలో మైక్రోస్కోపు చుట్టూ నిలబడ్డారు.

"నాదే ముందు" అన్నాడు బడేసాహెబ్, తనే పుల్ల అడిగి తీసుకుని. మాల్యాద్రిగారు గాజుపలక మీద చుక్క పెట్టి చూశారు.

"పెద్దాయన నోరు శుభ్రంగా ఉండాది. అక్కడొకటి, ఇక్కడొకటి."

"రోజూ వేపపుల్ల. అయిదు పూటలా నమాజుకు ముందు పుక్కిలింత" అన్నాడు బడేసాహెబ్, అల్లుడి వైపు చూడకుండా.

తర్వాత దరియావలిది పెట్టారు. మాల్యాద్రిగారు చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తి, పక్కకు జరిగి, పెద్దాయన్ని రమ్మన్నారు. బడేసాహెబ్ ఒంటికన్నుతో చూసి కేక వేశాడు.

"యా అల్లా! తిరనాళ్ళు! పుల్లల్లాంటివి, మెలికలు తిరిగేవి, ఒకదాని మీద ఒకటి దొర్లుతుండాయి! అమ్మా, ఈ నోటితోనా నన్ను పళ్ళు తోమలేదనింది?"

దరియావలి కూడా చూశాడు. సిగ్గుపడాలో సంబరపడాలో తెలియక, "హాలండాయనది కూడా ఇట్టనే ఉన్నింటుంది" అని మెల్లగా అన్నాడు.

చివర్న, జీవాలు బాగా కనబడేందుకు నీలం రంగు పట్టించిన పెరుగు చుక్క పెట్టారు. సుల్తాన్‌బీ కొంగు సర్దుకుని వంగింది. సన్నటి పుల్లలు, పూసల దండల్లాంటివి, లెక్కలేనన్ని.

"పాలను తోడుబెట్టేది వీళ్ళేనమ్మా. వీళ్ళు మనకు హాని చేసేవాళ్ళు కాదు" అన్నారు మాల్యాద్రిగారు.

ఆమె లేవలేదు. "అయ్యో, ఇంత పని చేసేవాళ్ళను కుండతో సహా ఉడకేసినానే" అన్నది. ఆ మాటలో వేళాకోళం లేదు.

తిరుగు బస్సు పెన్న వంతెన ఎక్కేసరికి బడేసాహెబ్ పక్కసీటులోని రైతుకు అల్లుడి నోటి సంగతి అంతా చెప్పేశాడు. రైతు కాస్త అవతలికి జరిగాడు. దరియావలి పెదవులు బిగించి కిటికీలోంచి ఇసుక వంక చూస్తున్నాడు. సుల్తాన్‌బీ మాత్రం దారి పొడుగునా, "ఏమయ్యా, ఆ హాలండాయన పేరేంది? ఆయనకు పెళ్ళైనాదా? ఎంతమంది బిడ్డలు?" అని అడుగుతూనే ఉంది. అతను దేనికీ నోరు తెరవలేదు.