ఎవరూ పట్టని తాడు

కంపెనీ వాళ్లు పోర్టు పేరుతో సముద్రంలోకి రాళ్లగట్టు వేసిన ఏడాదే మా సంతబొమ్మాళి ఒడ్డు కోసుకుపోయింది. పోలమ్మ ఇల్లు మా కళ్లముందే అలల్లో కూలింది. ఆ ఇంటి తలుపు ఇంకా నీళ్లమీద తేలుతుండగానే షామియానా వేసి ప్రజాభిప్రాయ సేకరణ అన్నారు. సిగ్గూ శరం ఉన్న మొహాలైతే అక్కడికి రావు.

అనుకూలంగా చేతులెత్తడానికి కాంట్రాక్టరు జగన్నాథరావు మందస నుంచి జీడితోట కూలీల్ని లారీలో తోలుకొచ్చాడు. "పోర్టొస్తే పనంతా మీకే" అని నమ్మించాడు. వాళ్లలో ముందు వరుసలో దోర్కాస్ కూర్చుంది, చర్చిలో పాటలు ఎత్తుకునే మనిషి.

అధికారి మైకు అందుకున్నాడు. "భూమి వేడెక్కుతోంది. సముద్రం పైకొస్తోంది. ఈ ఊరు ఎలాగూ మిగలదు. మీ మంచికే ఖాళీ చెయ్యమంటున్నాం."

అబ్బో, మా మంచి!

పోలమ్మ లేచింది. "ఊరు మిగల్దన్నావు. మరి నీ పోర్టేటి, కొండమీద కడతన్నావా బాబూ?"

"దానికి గోడ కడతాం. వందేళ్లు లాభాలొస్తాయి. ఇసుక మేటవేస్తే ప్రభుత్వమే తవ్విస్తుంది."

"అంటే లాబం కంపినీది, ఇసక తోడే కర్సు మాదా?" ఈ మాట అన్నది దోర్కాస్.

జగన్నాథరావు పళ్లు కొరికాడు. "నిన్ను చెయ్యెత్తడానికి తెచ్చాను, నోరెత్తడానికి కాదు."

మేం మైకు లాగేశాం. బందోబస్తుకొచ్చిన ఎస్సై పోలమ్మనీ, ఆమె తమ్ముడు తవిటయ్యనీ వ్యాన్ ఎక్కించాడు. మా ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా కూర్చునేసరికి వ్యాన్‌ని ఒడ్డు వెంబడి పోనిచ్చాడు. తడి ఇసుకలో చక్రాలు దిగబడ్డాయి.

మా ఒడ్డున ఒక కట్టుబాటుంది. పడవ పగవాడిదైనా సరే, "తాడు" అని కేక పడితే కంచం వదిలి పరుగెత్తి, దాన్ని ఒడ్డుకి లాగాలి. అది ఎస్సైకీ తెలుసు. వ్యాన్‌కి తాడు కట్టించి, "తాడు" అని కేకేశాడు.

ఊరిపెద్ద బైరాగి లేచాడు. "కట్టుబాటు తప్పితే గంగమ్మ ఊరుకోదురా."

వ్యాన్ జాలీలోంచి తవిటయ్య అన్నాడు. "మావా, కట్టుబాటు సంద్రంలో ఏటకెల్లొచ్చినోడికి. ఈల్లు ఏటకొచ్చింది మన మీదికి."

బైరాగి మళ్లీ కూర్చున్నాడు.

జగన్నాథరావు, మీరైనా లాగండని కూలీల మీద పడ్డాడు. దోర్కాస్ తాడు అందుకుంది. జాలీ వెనక పోలమ్మ మొహం చూసి వదిలేసింది. "కూలికొచ్చినాం గాని, మనుసుల్ని జైలుకి నాగడానికి రానేదు" అని వచ్చి మా మధ్య కూర్చుంది. లారీలో వచ్చిన వాళ్లంతా ఆమె వెనకే వచ్చారు.

అల చక్రాలదాకా వచ్చింది. ఎస్సై బూట్లు విప్పి, కానిస్టేబుళ్లతో తాడు పట్టాడు. పాపం, చెమట బాగానే కారింది, బండి మాత్రం కదల్లేదు. నీళ్లు లోపలికొస్తుంటే తలుపు వాళ్లే తీశారు.

పోలమ్మ దిగి చీర దులుపుకుంది. "ఒక్క బండిని నాగనేకపోనారు. రేపు ఇదే సంద్రంలో పోర్టు ములిగితే ఎవుల్ని పిలుత్తారు?"

ఇక చేసేదిలేక ఇద్దర్నీ స్టేషనుకి నడిపించారు. అరెస్టయింది ఇద్దరే. వాళ్ల వెనక మా ఊరూ, ఆ లారీ జనమూ మొత్తం నడిచాం.