నస ఏది?

"హనుమాండ్లు గారూ, ఇటు చూడండి. ఈవిడ ఎవరు? పేరు చెప్పండి," అంది థెరపిస్టు మంజూష.

పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లకు తిరిగి మాట్లాడటం నేర్పే చిన్న క్లినిక్ అది, పంజాగుట్టలో. హనుమాండ్లు భార్య స్వరాజ్యం ముఖం వైపు చూశాడు. తర్వాత ఫ్యాను వైపు చూశాడు.

"స్వ... స్వరా..." అని అందించింది మంజూష.

పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. కప్పు, గడియారం, తాళం, ఏ బొమ్మ చూపించినా తడబడుతూనే చెబుతున్నాడు. స్వరాజ్యం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతున్నాడు. ఆమె తల్లి, అన్నలు చనిపోయినప్పుడు ఎవరూ చివరి మాట చెప్పి పోలేదు. ఈయన ఎదురుగా కూర్చునే తనను విడిచిపోయాడా అని ఆమెకు రోజూ దిగులు.

"ఇంట్లో మిమ్మల్ని ఏమని పిలిచేవారండీ?"

స్వరాజ్యానికి ముఖం వేడెక్కింది. "పేరుతోటే, అమ్మా."

అది అబద్ధం. కొత్త కాపురంలో అత్త ముందు పెళ్లాన్ని పేరు పెట్టి పిలవడం సిగ్గుమాలిన పని. అత్త పోయినా ఆ అలవాటు పోలేదు. ఆయన పిలిచే పిలుపు వేరు. చదువుకున్న పిల్ల ముందు అది ఎలా చెప్పుకుంటుంది?

సనత్‌నగర్ ఫ్యాక్టరీలో పగలంతా మిషన్ల మోత వినీ వినీ హనుమాండ్లుకు ఇంట్లో చిన్న చప్పుడైనా పడేది కాదు. బడి మొహం చూడని స్వరాజ్యం బజ్జీల పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకుంది. ఆ అచ్చులో ఇలాంటివాటికి చికాకు, విసుగు, చీదర అని ఉండేది. ఇంట్లో మాత్రం ఆ మాటలు వినపడలేదు. కుక్కర్ కూత లొల్లి. కారే నల్లా సతాయింపు. దోమలు పీడ. టీవీలో ఆడవాళ్ల ఏడుపు సొద. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లవాళ్లు గేటుకు కుక్కిపోయే ప్రకటన కాగితాలు న్యూసెన్సు. ఆ మాట యూనియన్ మీటింగుల నుంచి పట్టుకొచ్చాడు. ఒకదాని మాట ఇంకోదానికి వాడేవాడు కాదు. తిన్నవా, బీపీ గోలీ ఏసుకున్నవా, చేరంగనే ఫోన్ చెయ్యి అని వెంటపడే పెళ్లానికి నస అనే మాట దక్కింది.

"ఓ నసా, చాయ్ తే." "నసా, నా చెప్పులేడ?" కొడుకు పెళ్లిలో వియ్యపురాలి ముందు కూడా అలాగే పిలిచాడు. ఇంటికొచ్చి ఆమె ఏడిస్తే, "నీకు స్వరాజ్యం అని ఎవరు పెట్టిండ్రే పేరు? నువ్వున్న ఇంట్ల స్వరాజ్యం ఏడుంటది?" అని పడీపడీ నవ్వాడు.

ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరు చెప్పాడు, ఆయనకు చిరాకు తెప్పించొద్దు, బీపీ పెరిగితే పక్షవాతం మళ్లీ రావచ్చు అని. ఆ మాట ఆమె గుండెల్లో మేకులా దిగింది. కుక్కర్ అటక ఎక్కింది. నల్లా బాగుపడింది. టీవీ మీద దుప్పటి పడింది. ఇంట్లో అన్నిటికన్నా పెద్ద చప్పుడు తానే కదా అని ఆమె కూడా నోరు కట్టేసుకుంది. తిన్నవా అని అడగకుండా పళ్లెం ముందు పెట్టేది. ఆయన కూడా ఏమీ అనకుండా తినేవాడు.

క్లినిక్‌కు వెళ్లొచ్చిన మర్నాడు పొద్దున చట్నీకి పల్లీలు పట్టుకుని, మిక్సీ కోసం ఎదురింటి జీవమణి దగ్గరికి పోయింది.

"మళ్ల చట్నీ పట్టనీకి వచ్చినవా అక్కా? మీ మిక్సీకి సుత పెరాలిసిస్ వచ్చిందా?"

"ఊకో, పాడు నోరు. ఆయనకు చప్పుడు పడది."

"పడకుంటే తిడ్తడు. తిట్టనియ్యరాదు! నోరన్న తిరుగుతది."

"నా పేరే యాది లేదు జీవమణీ. నేనెవరో ఎరుక లేదు," అంటూ స్వరాజ్యం తలుపు చాటున పీట మీద కూలబడింది. ఆమె ఏడుపు జీవమణి వేసిన మిక్సీ మోతలో కలిసిపోయింది.

మిక్సీ ఆగేసరికి గడపలో కర్ర చప్పుడైంది. మంచం దిగాలంటే మనిషి సాయం కావలసిన హనుమాండ్లు గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"లొల్లి," అన్నాడు మిక్సీని చూసి.

"దేవునికి స్తోత్రం! అన్నా, నడిచొచ్చినవా?"

ఆయన జీవమణిని పట్టించుకోలేదు. వంటగదంతా వెతికాడు. తలుపు వెనకున్న స్వరాజ్యం ఆయనకు కనిపించలేదు.

"నస," అన్నాడు. "నస ఏది?"

"ఏం నస అన్నా? గీ మిక్సీనా?"

"కాదు." తల విసురుగా ఊపాడు. "ఇది లొల్లి. నస... నస ఏది?" ముఖం ఎర్రబడింది, జాతరలో తప్పిపోయిన పిల్లవాడిలా కళ్లు బెదిరాయి.

బీపీ పెరుగుతోంది అనుకుంది స్వరాజ్యం. పీట మీది నుంచే గట్టిగా అరిచింది: "ఈడనే ఉన్న. ఏడికి పోత?"

ఆయన తలుపు వెనక్కి తొంగి చూశాడు. ఊపిరి మెల్లగా కుదుటపడింది. "చాయ్," అన్నాడు.

తర్వాతి సారి క్లినిక్‌లో ఆమె తల వంచుకునే చెప్పింది. "నా పేరు అడగకు బిడ్డా. నస ఎవరని అడుగు."

"అది తిట్టు కదండీ?"

"మా ఇంట్ల అదే పిలుపు."

మంజూష అడిగింది. హనుమాండ్లు మంచి చేయి నేరుగా భార్య వైపు లేచింది. మంజూష చప్పట్లు కొట్టింది. స్వరాజ్యానికి నవ్వు రాలేదు. పోయాడనుకున్న మనిషి పోలేదు. అయితే పోగొట్టుకోవడానికి ఇంకా ఉన్నాడన్నమాట. ఆ భయం మళ్లీ మొదలైంది.

తిరుగు ఆటోలో బీపీ సంగతి గుర్తుకొచ్చి కాసేపు నోరు మూసుకుని కూర్చుంది. సిగ్నల్ దగ్గర ఇక ఆగలేకపోయింది.

"గోలీ ఏసుకున్నవా?"

ఆయన విసుగ్గా మొహం తిప్పుకున్నాడు. "నస."

ఆమె ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూసింది. అది కొట్టుకుంటోంది.

"చెప్పు మరి. ఏసుకున్నవా, లేదా?"