మూడో స్తంభం దగ్గర ఆగే మోటారు

ఆ మోటారుకి ఏ రోగమూ లేదు. అప్పలస్వామిని భయపెడుతున్న సంగతి అదే.

బిలాస్‌పూర్ లోకో షెడ్డులో పద్దెనిమిదేళ్లుగా ఫిట్టరు అతను. ఇంజను మూలుగు విని జబ్బు చెప్పేస్తాడని పేరు. అలాంటివాడికి, అర్పా నది వంతెన తనిఖీ పడవకి వెనక తగిలించే ఈ బుల్లి పెట్రోలు మోటారు వారం రోజులుగా చుక్కలు చూపిస్తోంది. షెడ్డులో నీళ్ల పీపాలో ముంచి తిప్పితే గంటసేపు నిక్షేపంగా నడుస్తుంది. నదిలోకి దించితే మాత్రం, రేవు నుంచి సరిగ్గా మూడో స్తంభం దగ్గరికి వచ్చేసరికి దగ్గుతుంది, గొంతు సన్నబడుతుంది, ఆగిపోతుంది.

పోయిన దసరా మర్నాడు అతని తమ్ముడు అమ్మన్న ఈ మోటారుతోనే వెళ్లి అక్కడే పోయాడు. అకాలపు వరద. మోటారు ఆగింది, పడవ స్తంభానికి కొట్టుకుని తిరగబడింది. పడవా మోటారూ దొరికాయి. అమ్మన్న దొరకలేదు.

ఇప్పుడు నది మళ్లీ పొంగుతోంది. రేపు పొద్దున్న వంతెనల ఇన్‌స్పెక్టరు రమణమూర్తి గారు నలుగురు మనుషులతో ఆ పడవలో వరద మట్టం చూడ్డానికి వెళ్లాలి. మోటారు బాగుందని సంతకం పెట్టాల్సింది అప్పలస్వామే. పోయినసారీ తనే పెట్టాడు.

మధ్యాహ్నం ఒంటరిగా పడవ తీశాడు. ప్లగ్గు కొత్తది వేశాడు, పెట్రోలు రెండుసార్లు గుడ్డలో వడగట్టాడు, కార్బురేటరు విప్పి ఊది బిగించాడు. అనుమానించడానికి ఇంకేమీ మిగల్లేదు. మబ్బు కమ్మి ఉంది. వంతెన మీద గూడ్సు బండి వెళ్లిపోయాక ఏరు ఒక్కసారిగా మూగబోయినట్టయింది. మూడో స్తంభం పక్కకి రాగానే మోటారు దగ్గి ఆగింది. గబగబా లంగరు వేశాడు. అప్పుడు వినిపించింది.

టక్. టక్.

టాంకులో పెట్రోలు ఎంతుందో తెలుసుకోవడానికి అమ్మన్న అలాగే వేలి కణుపులతో రెండు దెబ్బలు కొట్టేవాడు. మూత తీసి చూడరా అంటే చచ్చినా వినేవాడు కాదు. “సప్పుడే సెప్తాదన్నయ్యా,” అని నవ్వేవాడు.

“అమ్మన్నా?” అన్నాడు అప్పలస్వామి, అనకుండా ఉండలేక.

టక్.

చప్పుడు నీళ్లలోంచి కాదు, టాంకులోంచి. చెయ్యి వేసి చూస్తే రేకు లోపలికి పీక్కుపోయి ఉంది. మూత తిప్పాడు. బుస్సుమని గాలి దూరింది, రేకు టక్కున యథాస్థానానికి వచ్చింది. తాడు లాగితే మోటారు మొదటి ఊపుకే అందుకుంది.

మూత కళ్ల దగ్గర పెట్టుకుని చూశాడు. దాని నడినెత్తిన చీపురుపుల్ల దూరేంత కన్నం ఉండాలి. పెట్రోలు దిగుతున్నకొద్దీ లోపలికి గాలి వెళ్లేది దాంట్లోంచే. అది మూసుకుపోతే, రేవు నుంచి మూడో స్తంభం దాకా వచ్చేసరికి పెట్రోలు దిగడం ఆగిపోతుంది. ఆ కన్నం కనబడలేదు. పసుపు, పసుపు మీద కుంకుమ, పొర మీద పొర, నూనె జిడ్డుతో కలిసి గడ్డకట్టి ఉంది. షెడ్డులో ఈ మహా ఫిట్టరు గారు, అంటే తనే, మూత పక్కన పెట్టి మరీ పరీక్ష చేశాడాయె!

ఆ బొట్టు అమ్మ పెట్టింది. పోయిన ఆయుధపూజ నాడు అప్పలనర్సమ్మ షెడ్డుకి వచ్చి సుత్తులకీ పానాలకీ తలో చుక్కా పెట్టి, చిన్నకొడుకు నడిపే మోటారు కదా అని దీనికి మాత్రం నిండుగా పెట్టింది. ఈ వారం రోజులూ రేవుకి వచ్చి మళ్లీ మళ్లీ పెడుతూనే ఉంది, చిన్నోడు శాంతించాలని.

సూదితో పొడిచి కన్నం తెరిచాడు. మూత బిగించి నాలుగుసార్లు మూడో స్తంభం దాటించాడు. ఆగలేదు. ఆగి ఉంటే బాగుణ్ణనిపించింది. దెయ్యం సంగతైతే అమ్మతో చెప్పుకోవచ్చు.

రేవులో అప్పలనర్సమ్మ కుంకుమ భరిణెతో నిలబడి ఉంది.

“దాటీసినావు గదా! ఏటి సేసినావురా?”

“ప్లగ్గు పాడైపోనాదమ్మా. మార్సినాను.”

అబద్ధం ఇంత సులువుగా వస్తుందని అతనికి తెలీదు. తల్లి మొహం విప్పారింది. వేలు కుంకుమలో ముంచి, వంగి, అలవాటుగా మూత మీదికి చాచింది.

“అక్కడొద్దమ్మా!” అంత గట్టిగా అరవాల్సింది కాదు. “ఇదిగో, ఈ పిడికి ఎట్టు.”

వేలు గాల్లో ఆగిపోయింది. ఆమె మూతకేసి చూసింది. కొడుకు గోళ్లలో ఇరుక్కున్న పసుపు చూసింది. మూత మీద కొత్తగా తేలిన కన్నం చూసింది. అక్షరం ముక్క రాదు గానీ, రెండో కన్నం పొడవకపోతే డబ్బాలోంచి కిరసనాయిలు దిగదని ఆమెకి తెలుసు.

“దసరాకి ఆడికీ అక్కడే ఎట్టాను గదరా,” అంది.

ఆమె వేలిని చీర చెంగుకి తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. ఎంత తుడిచినా ఎరుపు పోలేదు.

మోటారు ఆపేసి ఉంది. గాలి కన్నం తెరిచే ఉంది. రేకు పీక్కుపోవడానికి ఇక కారణమే లేదు.

టక్. టక్.

పడవలో ఎవరూ లేరు. ఈసారి అప్పలస్వామి ఆ చప్పుడెక్కడిదని వెతకలేదు. అప్పలనర్సమ్మ మోకాళ్లలోతు నీళ్లలోకి దిగి, భరిణె ఏట్లో వదిలేసి, ఆ టాంకుని రెండు చేతులా దగ్గరికి తీసుకుంది.

“ఇంకెట్టన్రా నాయినా,” అంది. “ఇంకెప్పుడూ ఎట్టను.”