అక్క వదిలిన సీటు

నర్సు ట్రైనింగులో సీటు వచ్చింది మా అక్క ఏసుమణికి. చదివింది నేను. లాక్కున్నదేమీ లేదు. పరుగు కోసం అక్క ఆ సీటు వదిలేస్తే, మరుసటేడు నాన్న నన్ను చేర్పించారు.

బోగోలు చుట్టుపక్కల అక్కతో సమానంగా పరుగెత్తే ఆడపిల్ల లేదు. 1960లో డ్రిల్లు మాస్టరు పద్మనాభయ్య గారు ఇంటికొచ్చి, మద్రాసు శిక్షణకు పంపమన్నారు.

"మూడేళ్లు గట్టిగా చేస్తే దేశం తరపున పరిగెత్తుద్ది ఉపదేశి గారా."

చర్చి ఉపదేశి అయిన మా నాన్న జకరయ్య ఎటూ తేల్చుకోలేక, ఆ భారం దేవుడి మీద వేశారు. కొత్త సంవత్సరం ఆరాధనలో ఆ ఏడాదికి దేవుడి మాటగా ఒక్కొక్కరూ తీసే వాగ్దానపు చీటీల్లో, అక్కకి పరుగు మాట ఉన్న బైబిలు వాక్యం వచ్చింది. ఇంకేముంది, సంఘమంతా స్తోత్రం అంది. అంతకు ముందేడు అదే వాక్యం మంచం పట్టిన ఎలిశబెతవ్వకి వచ్చింది. ఆమె ఎక్కడికీ పరుగెత్తలేదు. ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

"సీటు మళ్లీ ఇయ్యరంట మణీ, ఆలోచించుకో" అంది అమ్మ.

"నర్సు పని యాడికి పోద్ది మా? కాళ్లలో బలం పోతే మళ్లీ రాదు గదా!"

మూడేళ్లు కాస్తా అయిదయ్యాయి. దేశం జట్టు కోసం జరిగిన పెద్ద ఎంపికలో ముగ్గుర్ని తీసుకున్నారు, అక్క నాలుగోది. ఇంకొక్క ఏడు అని పట్టుబట్టింది. ఆ ఏడు మోకాలు వాచింది. రైలెక్కించి పంపేశారు.

ఇంటికొచ్చాక రెండేళ్లు ఏ పనీ దొరకలేదు. చివరికి నేనే బతిమాలి, నేను నర్సుగా ఉన్న వార్డులో ఆయాగా పెట్టించాను. సంతోషించాల్సింది పోయి, ఆమె చేతిలో చీపురు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఎవరి మీద మండాలో తెలిసేది కాదు.

ఒకరోజు అక్క మెల్లగా అడిగింది. "ఆనందూ, పెద్ద నర్సమ్మని ఒక్క మాట అడగరాదా? ఇప్పుడన్నా చదువుకుంటా. చూసీ చూసీ మందుల పేర్లన్నీ వచ్చేసినాయి నాకు."

అడిగాను. వయసు దాటిపోయిందని ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది. తిరిగి వార్డులోకి వచ్చాను. నా మొహం చూసి అక్కే గ్రహించింది.

"కుదర్దన్నారా? పోనీలే."

మూల మంచం మీది ముసలామె బెడ్‌పాన్ కోసం పిలుస్తోంది. అక్క అది తీసుకుని నా ముందు ఆగింది.

"రోంత పక్కకి జరగండి నర్సమ్మ గారా."

అప్పటి నుంచీ నన్ను అలాగే పిలుస్తోంది. ఇంట్లో కూడా.