ఇంటూ మార్కు ఉన్న చోట

సంతకం పెట్టేటప్పుడు నా చేతికి ఎప్పుడూ ఏదో ఒకటి అంటుకునే ఉండేది. శనగపిండో, చింతపండు పులుసో, కొబ్బరి తురుమో. మా ఆయన కిరీటి కాగితాలు తెచ్చేది సరిగ్గా అప్పుడే. పెన్సిలుతో ఇంటూ మార్కులు పెట్టి మరీ తెచ్చేవారు. "ఇక్కడ, ఇక్కడ, వెనకాల ఒకటి. తొందరగా రుచీ, ఫ్లైట్ టైమైంది." నేను చెయ్యి కొంగుకి తుడుచుకుని పెట్టేదాన్ని. అలా పదేళ్ళు పెట్టాను. నేను తీరిగ్గా కూర్చుని ఉన్నప్పుడు ఆయన ఒక్క కాగితం కూడా తేలేదన్న సంగతి 2008 అక్టోబరులో గాని నాకు తట్టలేదు.

ఆయన బందరు రోడ్డులో ఒక షేర్ బ్రోకరు దగ్గర ఫోన్లు ఎత్తే పనితో మొదలుపెట్టారు. తర్వాత రెండేళ్ళు ముంబైలో ఉండి హెడ్జ్ ఫండ్ అనే మాట నేర్చుకొచ్చి సొంత కంపెనీ పెట్టారు. డాక్టర్లు, రొయ్యల చెరువుల వాళ్ళు, సినిమా హాళ్ళ ఓనర్లు డబ్బు తెచ్చి ఆయన చేతిలో పెట్టేవాళ్ళు. గుణదలలో మూడంతస్తుల ఇల్లు, రెండు కార్లు, వారం వారం గన్నవరం నుంచి విమానం. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఒకటే చెప్పేవారు. "లేస్తుందని ఒక పక్క కాస్తామండీ, పడుతుందని ఇంకో పక్క కాస్తాం. ఏదైనా మనం సేఫ్." కాఫీలు ఇస్తూ ఒకసారి నేను అడిగాను, "మరి పోయేదెవరికండీ?" అని. అందరూ నవ్వారు. "అవతలి వాడికి. నువ్వా జీడిపప్పు పట్రా" అన్నారు.

నేను బీకాం ఫస్టు క్లాసు. కంకిపాడు నుంచి మూడేళ్ళు బస్సులో నిలబడి వచ్చి చదివాను. మా వంశంలో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. "చదువుకున్న కోడలని డైరెక్టర్ని చేశాడు మావాడు" అని మా అత్తగారు రావమ్మగారు చుట్టాలకి గొప్పగా చెప్పేవారు. వాళ్ళు గుమ్మం దాటగానే, "డైరెక్టరుగారూ, పప్పులో ఉప్పేశారా?" అనేవారు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే పొగరనుకుంటారని.

ఆ అక్టోబరులో ఒక రోజు మా నాన్న రత్తయ్య వస్తున్నాడు. కాలవ పక్క ఎకరం అమ్మి ముప్పై లక్షలకి డీడీ తీయించాడు, మా ఆయన ఫండులో పెట్టడానికి. "సంతకం నీదేగా అమ్మా, నాకు భయమేంటి?" అన్నాడు ఫోనులో. మార్కెట్లు పడిపోతున్నాయని టీవీలో వారం నుంచి చెబుతున్నారు. మా ఆయన బాత్రూములో కుళాయి విప్పి ఫోను మాట్లాడుతున్నారు. నీళ్ళు అంతసేపు ఎందుకు పోతున్నాయో అడగాలనిపించింది. అడగలేదు.

కాకరకాయలు వేపుతుంటే రెండు కాగితాలు తెచ్చారు. అప్పుడే పొయ్యి ఆరిపోయింది. గ్యాస్ అయిపోయింది. ఆయన ఫోను మోగితే హాల్లోకి వెళ్ళారు. వేపడానికి మంట లేదు, చేతిలో కాగితాలున్నాయి. చదివాను.

మొదటిదాంట్లో గుణదల ఇల్లు తల్లిగారికి రాసిచ్చేస్తున్నారు. నేను సాక్షిని. రెండోదాంట్లో ఆయన మేనేజింగ్ డైరెక్టరు పదవికి రాజీనామా చేశారు, ఆ పదవీ పూర్తి బాధ్యతా నేను తీసుకున్నాను. తేదీ జూలై ఒకటి, మూడు నెలల కిందటిది. ఇల్లు ఒక పక్క, నేను ఇంకో పక్క. ఏదైనా ఆయన సేఫ్.

ఆయన రాగానే, "ఏవండీ, జూలై తేదీ వేశారేంటి?" అన్నాను.

"చదివావా?" అన్నారు.

పదేళ్ళ కాపురంలో ఆయన నన్ను అంత భయంగా చూడటం అదే మొదటిసారి. వెంటనే సర్దుకున్నారు. "ఆడిటరు అలా వెయ్యమన్నాడు, టాక్స్ కోసం. నా మీద నమ్మకం లేదా?"

సంతకాలు భోజనాలయ్యాక పెడతానన్నాను.

నాన్నకి వేగీ వేగని కాకరకాయతో అన్నం పెట్టాను. తిని చెయ్యి కడుక్కుని, జేబులోంచి డీడీ తీసి బల్ల మీద పెట్టాడు. "మావయ్యగారికి రశీదు రాయి రుచీ" అన్నారు మా ఆయన. "రాయమ్మా, మీ నాన్న చీకటి పడకముందే వెళ్ళిపోతాడు" అన్నారు అత్తగారు.

నేను రెండో కాగితం తెచ్చి బల్ల మీద పరిచాను.

"నాన్నా, జూలై నుంచి ఈ కంపెనీకి ఎండీని నేనేనట. అంతేనా అండీ?"

"అదీ... పేరుకి" అన్నారు మా ఆయన.

"పేరుకైనా ఎండీనేగా. నేను ఈ డబ్బు తీసుకోను. నాన్నా, డీడీ జేబులో పెట్టుకో."

"అల్లుడుగారి ముందు అదేం మాటమ్మాయ్?" అన్నాడు నాన్న. డీడీ మాత్రం తీసుకున్నాడు. మా ఆయన ముఖం చూశాడు, నా ముఖం చూశాడు. గొంతు తగ్గించి, "మునిగిందా అమ్మా?" అని అడిగాడు.

"ఇంకా తెలీదు నాన్నా. రెండు కాగితాలే చదివాను."