మూడు చేతుల నూనె

ఉతికే ఫిల్టరా, పారేసే ఫిల్టరా అన్న ఒక్క మాట మీద ఆ ఇంట్లో బావా బావమరుదులు మాట్లాడుకోవడం మానేశారు. ఉన్నది ఒకటే లారీ. పొద్దున బావ నడుపుతాడు, మధ్యాహ్నం దాటాక బావమరిది. ఇద్దరూ క్వారీ నుంచి కంకర తోలుతారు. ఒకరికి పెళ్లాం, ఇంకొకరికి అక్క అయిన పాపానికి ఆవిడ అడకత్తెరలో పోకచెక్క అయింది.

ఇంజిన్ పీల్చే గాలిలోంచి దుమ్మును వడకట్టేది ఎయిర్ ఫిల్టర్. అంతవరకూ ఇద్దరికీ పేచీ లేదు. బావ నూలుగుడ్డ ఫిల్టర్ తెచ్చాడు. ఉతికి, నీడన ఆరబెట్టి, పలచగా నూనె పట్టిస్తే లారీ ఉన్నన్నాళ్లూ అదే చాలన్నాడు. బావమరిదికి కాగితపు ఫిల్టర్ కావాలి. మూసుకుపోతే తీసి పారేయడం, కొత్తది పెట్టడం, అంతే.

"మీ తమ్ముడికి చెప్పు, పారేయడానికి ఒళ్లు వంగక్కర్లేదని," అనేవాడు మొగుడు, తమ్ముడు పక్క గదిలో ఉండగానే.

"బావకి చెప్పక్కా, ఉతుకుదామన్న మనిషి ఒక్కసారన్నా ఉతికాడేమో గుర్తు చేసుకోమను," అనేవాడు తమ్ముడు, గోడకి అవతల నుంచి.

నిజమే, ఉతికేది ఆవిడే. ఎవరూ ఉతకమని చెప్పలేదు. తెచ్చి టబ్బు పక్కన పడేసేవారు, అంతే. గట్టిగా పిండితే పోగులు ఊడతాయి. పిండకపోతే దుమ్ము వదలదు. గోళ్ల సందుల్లో రాతిపొడి ఇరుక్కుని, అన్నం కలుపుతుంటే కూడా గరగరలాడేది. అదే టబ్బులో నానబెడితే మొగుడి తెల్లచొక్కా ఒకసారి బూడిదరంగుకి తిరిగింది.

"చొక్కా ఇలా అయిందేమే?"

నోరు విప్పితే ఆ పూట పొయ్యి వెలగదని ఆవిడకి తెలుసు.

ఇంతలో క్వారీ ఎత్తు మీద లారీ ఆగిపోయింది. నల్లపొగ కక్కింది తప్ప ముందుకి లాగలేదు. వెనక బళ్లన్నీ నిలిచిపోయాయి. క్వారీ సూపర్‌వైజర్ కిందికి దిగి వచ్చి, "ఇంకోసారి నా ఎత్తు మీద ఆగితే నీ బండిని వరసలోంచి తీసేస్తా. కాచుకుని కూర్చున్నవాళ్లు చాలామంది ఉన్నారు," అన్నాడు. ఆ వరస పోతే ఆ లారీకి ఇంకో పని లేదు, ఆ ఇంటికి ఇంకో ఆధారం లేదు.

ఇంటికొచ్చాక బావ బావమరిదిని అన్నాడు, బావమరిది బావని అన్నాడు. ఆ అనడం కూడా ఆవిడతోనే. మర్నాడు పొద్దున్నే ఆవిడ చెప్పులేసుకుని లారీ ఎక్కి, ఇద్దరి మధ్యా కూర్చుంది. "పదండి మేస్త్రీ దగ్గరికి. అక్కడ చెప్పుకోండి మీ బాధలు."

ఆ మెకానిక్‌ని అందరూ గొణుగుడు మేస్త్రీ అంటారు. మూత విప్పి ఫిల్టర్ బయటికి తీశాడు. దాన్నుంచి నూనె జారి ఆయన చెప్పు మీద పడింది.

"ఇది ఫిల్టరా, దీపం ఒత్తా?" అని గొణిగాడు. గొట్టంలో వేలు పెట్టి, అంటిన జిడ్డు చూపించాడు. "నూనె లోపలికి పోయి, గాలిని కొలిచే సెన్సార్‌కి పట్టేసింది. ఇక డీజిల్ ఎంత పోసుకోవాలో ఇంజిన్‌కి ఎలా తెలుస్తుంది? ఎవరు పెట్టారమ్మా ఇంత నూనె?"

"నేనే," అంది ఆవిడ. ఉతికి ఆరాక నూనె పట్టించేది తనే కదా.

మొగుడు గొంతు సవరించుకున్నాడు. "మీ తమ్ముడు మరిచిపోతాడని, నేను కూడా కాస్త..."

"బావ పిసినారితనం నాకు తెలియందా అక్కా. నూనె చూపించి వదిలేస్తాడని, బండి ఎక్కేముందు నేనూ పట్టించా."

మేస్త్రీ ముగ్గురినీ ఒకసారి చూసి సెన్సార్ తుడవడానికి వెళ్లాడు. తిరిగొచ్చి, "ఏది పెట్టమంటారు? రెండూ మంచివే. అంతా చూసుకునేవాళ్లని బట్టి ఉంటుంది," అన్నాడు.

ఇద్దరూ ఆవిడ వైపే చూశారు.

"కాగితంది పెట్టు."

తమ్ముడు మీసం దువ్వుకున్నాడు.

"నువ్వు గెలిచావనుకోకురా. ఉతికేదాన్ని వాడాలంటే, 'నూనె పెట్టావా' అని పక్కవాణ్ణి అడిగే నోరుండాలి. మీ ఇద్దరి నోళ్లూ నా చెవి దాటి పోవు. ఇంక నావల్ల కాదు."

ఆ రోజే లారీ క్వారీ ఎత్తు తిన్నగా ఎక్కింది. కొన్నాళ్లు ఇల్లు తెరిపిన పడింది.

ఒక సెలవు రోజు ఆవిడ ఆరిన బట్టలు తీద్దామని పెరట్లోకి వెళ్లింది. తీగ మీద, బట్టల మధ్య, రెండు క్లిప్పులకి వేలాడుతూ కాగితపు ఫిల్టర్ నీళ్లు కారుస్తోంది. గోడ నీడన బావా బావమరుదులు పక్కపక్కన కూర్చుని ఉన్నారు.

"ఇంకో తడవ వస్తుంది బావా, చూడు."

"నీడన వేయాల్సిందిరా. ఎండకి ముడుచుకుంటుంది."

ఎన్నాళ్లకి విందో ఆ మాటలు. ఇద్దరూ మాట్లాడుకుంటే చాలని ఆవిడ మొక్కని దేవుడు లేడు. మొక్కు తీరింది, ఇదిగో, ఇలా తీరింది.

"ఎవడ్రా దీన్ని ఉతికింది?"

"నేనేనక్కా. పారేద్దామంటే బావకి మనసొప్పలేదు. పోనీలే పాపమని..."

ఆవిడ ఫిల్టర్ కిందికి తీసింది. కాగితం మడతలు ఉబ్బిపోయాయి. ఒక అంచున జిగురు ఊడి, ఆవిడ వేలు అటునుంచి ఇటు దూరింది. వేలు దూరిన చోట రాతిపొడి దూరదా? రేపు పొద్దున మళ్లీ అదే ఎత్తు, అదే సూపర్‌వైజర్. ఆవిడ దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి చించి చెత్తబుట్టలో వేసింది.

"ఏమే!"

"అటక మీద కొత్తది ఉంది. ఇద్దరూ వెళ్లండి. ఒకరు మూత పట్టుకోండి, ఒకరు బిగించండి. ఎవరేం చేశారో ఒకరికొకరు చెప్పుకోండి, నాకొద్దు."

ఇద్దరూ లేచారు. "మీ అక్కకి ఈమధ్య కోపం ఎక్కువైందిరా," అనడం వినిపించింది.

"ఈమధ్య కాదు బావా."

ఆవిడ తీగ మీది తెల్లచొక్కా అందుకుంది. ఫిల్టర్ నీళ్లు కారి, భుజం నుంచి అంచుదాకా బూడిదరంగు చార దిగింది. చొక్కాని చుట్టి టబ్బులోకి విసిరి, కుళాయి తిప్పింది.