రెండో దెబ్బకు చప్పట్లు

పొద్దుగాల ఎనిమిది అయిందంటే యోసేపు ఆటో మెదక్ రాందాస్ చౌరస్తా దగ్గర ఖయ్యూం దుకాణం ముంగట ఆగాల్సిందే. పాపన్నపేట పోయే ప్యాసింజర్లు ఎక్కి కూసున్నా సరే, ఇంకొక మనిషి దొరకాలె అని వంక పెట్టి దిగుతడు. కొబ్బరినూనె పెట్టిన జుట్టును అద్దంల చూసుకుంట నుదుటి మీద కుప్పలెక్క నిలబెడతడు. "పాట పాడుట్ల ఎల్విస్ అసుంటోడు పుట్టలే, ఇగ పుట్టడు" అంటడు. మిక్సీలు, స్పీకర్లు రిపేరు చేసే ఖయ్యూం స్క్రూడ్రైవర్ పక్కకు పెట్టి లేస్తడు. "మీ ఎల్విస్ గిటారు మెడల ఏస్కొని నడుము ఊపిండు భాయ్. గిటారుతోని మాట్లాడించింది చక్ బెర్రీ." ఇరవై ఏండ్ల సంది ఇదే పంచాయితీ. చాయ్‌లు వస్తయి, చల్లారుతయి. ఆటోల ముసలమ్మలు "ఓ యోసేపూ, మీ అమెరికా లొల్లి మాపటికి పెట్టుకో నాయనా, మాకు పనికి టైమయితుంది" అని మొత్తుకుంటరు.

పక్క మడిగెల బ్లౌజులు కుట్టే నవోమి యోసేపు పెండ్లాం. ఈ లొల్లిల ఆమె ఎన్నడూ నోరు పెట్టలేదు గానీ, చెవులు మాత్రం అటే ఉంటయి. ఆమె కుట్టుమిషను ఎన్క మేకుకు ఒక పాత గిటారు వేలాడుతుంటది. ఖయ్యూం పనిచేసిన పాటల ఆర్కెస్ట్రా బందయినప్పుడు ఆయన దాన్ని ఆమెకిచ్చిండు. ఆయన దుకాణంల మోగే పాటలు గోడ ఇవతల కూసొని ఇని ఇని, ఆమె తనంతట తానే నేర్చుకున్నది. గదే ఆమెకు తిప్పలు తెచ్చింది.

ఎందుకంటే మెదక్‌ల ఎవరు వాయించినా వాళ్ళ నీడ ఒక్కటే పడదు. ఎవరి దగ్గర నేర్చుకున్నరో వాళ్ళ నీడ గూడ ఎన్క పడుతది. బిక్షపతి డప్పు కొడితే, కుంటుకుంట నడిచిన వాళ్ళ తాత నీడ గోడ మీద దరువేస్తది. పెండ్లి బ్యాండుల క్లారినెట్ ఊదే షారూఖ్ పక్కన వాళ్ళ సంగారెడ్డి ఉస్తాద్ నీడ, టోపీతోని సహా, బుగ్గలు ఉబ్బిస్తది. రోడ్డు ఊడ్చేటామె ఆ నీడల కాడికి రాంగనే చీపురు జర పక్కకు తిప్పుకుంటది, పెద్దోళ్ళ కాళ్ళకు తగులొద్దు గదా. దాని గురించి ఎవరూ పనిగట్టుకొని మాట్లాడరు.

నవోమి వాయిస్తే మాత్రం ఒక్కటే నీడ. ఆమెది.

వాళ్ళు పోయేది పెద్ద కెథెడ్రల్‌కు కాదు, దానికి రెండు గల్లీల అవతలున్న రేకుల కప్పు చిన్న మందిరానికి. అక్కడ క్వయర్‌ల వాయించాలంటే నీడ చూపించాలె. శనివారం పొద్దుగాల తూర్పు కిటికీలు తెరిచి, పడమటి గోడ ముంగట కుర్చీ ఏస్తరు. అందుల కూసొని ఒక కీర్తన వాయించాలె. గోడ మీద నేర్పినోళ్ళ నీడ కనబడితే రిజిస్టర్ల పేరెక్కుతది. ఒక మనిషికి మూడుసార్లే. మూడోసారి గూడ తప్పితే ఇగ బతికినంత కాలం బెంచీ మీద కూసొని ఇనుడే. నవోమికి రెండు అయిపోయినయి.

మొదటిది పదకొండేండ్ల కింద, రెండోది నిరుడు. రెండుసార్లూ క్వయర్ మాస్టర్ ప్రభుదాసు కండ్లద్దాలు తుడుచుకొని, గోడను తేరిపార చూసి ఒక్కటే మాట అన్నడు. "చెయ్యి మంచిగనే ఉన్నదమ్మా. కానీ నీ ఎన్క ఎవ్వరు లేరు. ఎన్క మనిషి లేని పాటను మందిరంల ఎట్ల పెడ్తం?"

ఇప్పుడు ప్రభుదాసుకు డెబ్బై మూడు. మోకాళ్ళు పట్టేసినయి, ఈస్టర్ దాటినంక హార్మోనియం ముంగట కూసోను అని చెప్పేసిండు. సంఘం సెక్రెటరీ ఆశీర్వాదం "ఫికర్ ఎందుకు, పెన్‌డ్రైవ్‌ల పాటలన్ని ఉన్నయి, బటన్ ఒత్తితే అయిపాయె" అన్నడు. ఆ మాట చెవుల పడంగనే నవోమికి కడుపు మండింది.

"మనుషులం బతికుండంగ బటన్‌తోని పాడిస్తరా? నేను మూడోసారి పోతున్న" అన్నది మొగనితోని.

యోసేపు చాయ్ గ్లాసు కింద పెట్టిండు. "ఇదే ఆఖరుది నవోమీ. జర సోంచాయించు. ఈసారి తప్పిందంటే..."

"తప్పితే తప్పుతది. ఊకె కూసున్నా తప్పినట్టే కదా."

నీడ చూసే శనివారానికి పది రోజుల టైము ఉన్నది. తెల్లారి మొగోళ్ళిద్దరు మల్ల మొదలు పెట్టంగనే ఆమె కత్తెర చేతులనే పట్టుకొని బయటికొచ్చింది.

"ఎవరు పెద్ద, ఎవరు చిన్న అని ఇరవై ఏండ్ల సంది కొట్లాడుతుండ్రు. వాళ్ళు ఎవరి దగ్గర నేర్చుకున్నరో ఒక్కనాడన్న అడిగిండ్రా?"

ఆమె ఖయ్యూం బల్ల కాడికి పోయింది.

"రికార్డుకు నీడ ఉండదు, అది నాకు ఎరుకే. కానీ ఆ పాడినోళ్ళ ఎన్క ఎవరో ఒకరు ఉంటరు గదా. నాకు వాళ్ళు కావాలె. పెట్టు ఖయ్యూం భాయ్, ఒక్కొక్కరిది పెట్టు."

బ్లౌజులు కత్తిరించే ఖాకీ కాయితం ఒకటి గోడకు అతికిచ్చి, టైలర్ చాక్‌తోని పేర్లు రాసుకున్నది. ఒక దిక్కు గుండీలు కుడుతది, ఒక దిక్కు ఇంటది. ఎల్విస్ మాటను నోట్ల నాన్చి, సాగదీసి, అప్పుడు వదులుతడు. ఎవరి పాటనైనా తన కొలతకు కుట్టించుకున్నట్టే పాడుతడు. చక్ బెర్రీ కథ వేరు. నోరు ఒక మాట అంటే గిటారు దానికి జవాబు చెప్తది, రెండు తీగలు కలిపి గిల్లంగనే ఇనేటోళ్ళ కాలు ఆగదు. లిటిల్ రిచర్డ్ పియానోను వాయిస్తుండో కొడుతుండో సమజ్ కాదు, నడుమ నడుమ గుండెలదిరే కేక. ఫ్యాట్స్ డామినో మాత్రం నిమ్మళం మనిషి, ఎవరితోని జగడం లేదన్నట్టు పియానో మీద ఎడమ చెయ్యి దొర్లుకుంట పోతది.

"ఎల్విస్ లేకుంటే ఈ రాక్ అండ్ రోల్ పాట ఊరూరికి ఎక్కేదా?" అన్నడు యోసేపు.

"ఎక్కుడు వేరు, చేసుడు వేరు. ఆ తర్వాత గిటారు ముట్టినోడెవడైనా బెర్రీ మీటుడుతోనే మొదలు పెట్టాలె" అన్నడు ఖయ్యూం.

"ఇద్దరిది బరాబరే. ఇగ నోళ్ళు మూసుకొని నన్ను ఇననియ్యుండ్రి" అన్నది నవోమి.

అయిదోనాడు ఖయ్యూం బిడ్డ సైమా కాలేజీకి పోవుకుంట ఆగి ఫోన్ చూసి చెప్పింది. "వీళ్ళందరికంటే ముంగటనే ఒకామె ఉన్నదట ఆంటీ. సిస్టర్ రోజెట్టా థార్ప్. చిన్నప్పటి సంది తల్లి ఎంబడి చర్చిలల్ల గిటారు వాయించుకుంట పాడిందట. లిటిల్ రిచర్డ్ పోరనిగ ఉన్నప్పుడు ఆయనను స్టేజీ ఎక్కించి పాడించింది ఈమెనే. బెర్రీకి, ఎల్విస్‌కు ఈమె గిటారు అంటే పానమట."

ఫోన్ల ఆమె పాట వీడియో పెట్టిండ్రు. పొడుగు కోటు తొడుక్కున్న నల్లటి పెద్దామె, మెడల ఎలక్ట్రిక్ గిటారు, మొఖం నిండ నవ్వు. రెండు నిమిషాలు కాకముందే ఖయ్యూం కుర్చీల నుంచి లేచి నిలబడ్డడు.

"యా అల్లా! ఈ మీటుడు బెర్రీది అని నేను జిందగీ అంత ఒట్లు పెట్టిన."

"ఎల్విస్ గూడ చర్చిలనే పెరిగిండట" అన్నడు యోసేపు, ఎక్కడ తన మనిషి ఎన్కబడ్తడో అన్నట్టు.

నవోమి వాళ్ళ మాటలు ఇనుడు లేదు. గిటారు మీది వేళ్ళను గూడ చూస్తలేదు. ఆ పెద్దామె ఎన్క నిలబడ్డ గుంపు చేతులు చూస్తున్నది. "మల్ల పెట్టు" అన్నది. ఆరుసార్లు పెట్టించింది. కత్తెరతోని బల్ల మీద టక్కుమని కొట్టి చూసుకున్నది. ఒకటికి కాదు, రెండుకు. మూడుకు కాదు, నాలుగుకు. మొదటి దెబ్బను ఊరికే పోనిచ్చి, రెండోదానికి చప్పట్లు. ఎనుకకు పోయి బెర్రీది పెట్టించింది, ఉన్నది. ఎల్విస్‌ది పెట్టించింది, ఉన్నది. గొంతులు వేరు, చేతులు వేరు, ఆ చప్పట్లు మాత్రం అందరి కింద ఒక్కటే.

"ఇన్నేండ్లు నేను వేళ్ళను చూసిన అన్నా" అన్నది ఖయ్యూంతోని. "తప్పు చేసిన. చర్చిల కూసున్న తల్లులను చూడాల్సిండె."

మంగళవారం ఆడోళ్ళ కూడికకు పోయింది. అది ఎవరో ఒకరి ఇంట్ల చాప మీద జరుగుతది. హార్మోనియం ఉండదు, డోలక్ ఉండదు. ఆదివారం మందిరంల చప్పట్లు బందు, అది ప్రభుదాసు పెట్టిన రూలు, కీర్తనకు ఒక మర్యాద ఉండాలె అంటడు. మంగళవారానికి ఆ రూలు లేదు. ముసలమ్మలు కొంగులు నడుముకు చెక్కుకొని పాట ఎత్తుకున్నరు. ఒకటి పోయింది. రెండోదానికి అందరి చేతులు ఒక్కసారి పడ్డయి. నవోమి తన చేతుల దిక్కు చూసుకున్నది. చిన్నప్పుడు ఇదే కూడికల వాళ్ళమ్మ ఒళ్ళె కూసొని, పాలు మరిచిన కాడి నుంచి, ఆమె గూడ గదే దెబ్బకు కొట్టింది.

ఆ తర్వాత మూడు రోజులు గిటారు ముట్టలేదు. మిషను బల్ల మీదనే కుడిచెయ్యితోని అలవాటు చేసుకున్నది, అరచెయ్యి ఎర్రగయ్యేదాక. యోసేపు పరేషాన్ అయి "ఒక్కసారన్న వాయించి చూస్కోరాదు, నీడ వస్తదో రాదో తెలుస్తది" అన్నడు.

"రాకుంటే భయపడి పోకుంట ఆగుత. అందుకే చూస్కోను."

శనివారం వచ్చింది. మందిరంల ప్రభుదాసు, ఆశీర్వాదం కూసున్నరు. బయట కిటికీ కాడ యోసేపు, ఖయ్యూం నిలబడ్డరు. తూర్పు ఎండ సక్కగ పడమటి గోడ మీదికి కొడుతున్నది.

"నిలబడి వాయిస్తనండి" అన్నది నవోమి.

"కూసొని వాయించాలె అని రూలు..." అని ఆశీర్వాదం ఏదో చెప్పబోయిండు.

"నిలబడనియ్యవయ్యా" అన్నడు ప్రభుదాసు.

ఆమె మొదలు పెట్టింది. భయానికి వేళ్ళు పాత దారిలనే పోయినయి. కీర్తన సక్కగనే వస్తున్నది గానీ గోడ మీద ఒక్కటే నీడ. ఒక చరణం అయింది. ఆశీర్వాదం పెన్నుకు మూత పెట్టిండు. "సరేనమ్మా, ఇగ చాలు" అన్నడు.

"ఇంక అయిపోలేదు సార్."

ఆమె కుడికాలితోని నేలను తన్నింది. ఒకటిని పోనిచ్చింది. రెండోదాని మీద తీగలన్నిటిని ఒక్కసారి కొట్టింది. మల్ల ఒకటి పోయింది, మల్ల కొట్టింది. గోడ ఆమె ఎన్క ఉన్నది కాబట్టి ఆమెకేం కనబడలేదు. ఆశీర్వాదం నోరు తెరుసుడు మాత్రం కనబడ్డది.

గోడ మీద నెత్తి మీద కొంగు కప్పుకున్న పొట్టి నీడ ఒకటి వచ్చి కూసున్నది. దాని పక్కన ఇంకొకటి. ఎన్క ఇంకో ముగ్గురు, వాళ్ళ ఎన్క ఇంకింత మంది. ఎవరి చేతులల్ల గిటారు లేదు, ఏ వాయిద్యమూ లేదు. ఉత్త చేతులు. నవోమి తీగలు కొట్టినప్పుడల్ల ఆ చేతులన్ని సప్పుడు లేకుండ కలుస్తున్నయి.

"గామె మా మేనత్త గదా" అన్నడు ఆశీర్వాదం. "గా ముక్కు మా మేనత్తదే!"

ప్రభుదాసు కర్ర గూడ పట్టుకోకుంట లేచిండు. గోడ దగ్గరికి పోయిండు. రెండో వరుసల ఒక నీడ చప్పట్లు కొడుతున్నది. దాని కుడిచేతికి మూడే వేళ్ళు. మిగిలిన రెండు ఎప్పుడో గడ్డి కోసే మిషన్ల పోయినయి.

"అమ్మా" అన్నడు.

నలభై ఐదేండ్ల కింద, హార్మోనియం ముంగట కొత్తగ కూసున్ననాడు, ఆయన అందరి ముంగట తల్లితోని అన్నడు, చప్పట్లు కొట్టకే అమ్మా, నా ఇజ్జత్ పోతది అని. ఆనాటి సంది పంతొమ్మిదేండ్లు, పానం పోయేదాక, ప్రతి ఆదివారం చేతులు కొంగు కింద పెట్టుకొని కూసున్నది, చప్పట్లు కొడితే మంగళవారం కూడికలనే. ఆమె పోయినంక ఆయన ఎన్నోసార్లు ఒక్కడే మందిరంల కూసొని హార్మోనియం వాయించి గోడ చూసుకున్నడు. చిన్నప్పుడు మిషన్ బడిల నేర్పిన పంతులు నీడ వచ్చేది. తల్లి నీడ ఒక్కనాడు రాలేదు. ఆమె దగ్గర ఆయన ఏం నేర్చుకోలేదు గదా, ఎట్ల వస్తది?

ముసలాయన కండ్లల్ల నీళ్ళు ఆగుతలేవు. "ఆపకు బిడ్డా" అన్నడు. "నీ కాళ్ళు మొక్కుత, ఆపకు."

నవోమి ఆపలేదు. కీర్తన అయిపోతే మల్ల మొదటికొచ్చింది. వేళ్ళ కొసలు మంట పుట్టినా చెయ్యి తియ్యలేదు.

"ఆశీర్వాదం, పేరు రాయి. వచ్చే ఆదివారం సంది ఈమెనే."

"రాస్త మాస్టరు గారు, కానీ ఎవరి నీడ అని రాయాలె? ఈడ పదమూడుమంది ఉన్నరు."

"పదమూడుమందిని రాయి."

రాసుడు మొదలైంది. ప్రభుదాసు గోడకు ఎదురుగ, తల్లి నీడ ముంగట నిలబడి, చేతులు రెండూ ఎత్తిండు. పుట్టి బుద్ధెరిగినంక మొదటిసారి చప్పట్లు కొట్టిండు. తప్పుడు కాడ పడ్డది.

"అక్కడ కాదు మాస్టరు గారు" అన్నది నవోమి వాయించుకుంటనే. "ఒకటిని పోనియ్యుండ్రి. రెండోదానికి."

ఆయన చిన్న పిల్లగానిలెక్క తలూపిండు. మల్ల తప్పిండు. మల్ల కొట్టిండు. ఇంకోసారి గూడ తప్పిండు. ఆ తర్వాత ఒకటిని పోనిచ్చి, ఊపిరి బిగబట్టి, రెండోదానికి కొట్టిండు. ఆయన చేతులు, గోడ మీద ఆ మూడు వేళ్ళ చెయ్యి, ఒక్కటేసారి కలిసినయి.